పెదనాన్నగారి తరఫున మీరు రాసిన పరీక్ష

మీరు అడిగినదాన్ని నాకు అర్థమైన మేరకు ముందుగా చెబుతాను, తేడా ఉంటే సరిదిద్దండి. ఒడిశాలోని గుణుపురంలో మీ పెదనాన్నగారితో కలిసి మీరు బట్టల దుకాణం నడుపుతున్నారు. ఇంటర్నెట్‌లో పదహారు వ్యక్తిత్వ రకాల పరీక్ష రాస్తే మీకు ఐఎన్‌టీజే అనే నాలుగక్షరాల రకం వచ్చింది. ఆ తరువాత పెదనాన్నగారి తరఫున కూడా మీరే ఫోనులో జవాబులు నింపారు, ఆయనకు ఈఎస్‌ఎఫ్‌జే అని వచ్చింది. లెక్కలను కంప్యూటరులోకి ఎక్కిద్దామంటే ఆయన వినరు. కొండ ఊళ్ళ నుంచి వచ్చేవారికి నెలల తరబడి అరువు ఇస్తారు. ఎందుకని అడిగితే "మనిషి మొహం చూసి ఇస్తాను" అంటారు. ఆయన రకం తెలిసింది కాబట్టి ఇకమీదట ఆయన వైపు నుంచి ఆలోచించడం వీలవుతుందా, ఇలాంటి పద్ధతుల్లో ఏది నమ్మదగినది అన్నది మీ ప్రశ్న.

రాయగడ జిల్లాలోని ఒక కర్మాగారంలో ఉద్యోగుల శిక్షణ విభాగంలో నేను 22 ఏళ్ళు పనిచేశాను. ఇలాంటి ప్రశ్నావళులను వందలమంది చేత రాయించాను, వాటి మీద తరగతులు చెప్పాను, వాటిని నమ్మి పెద్ద పొరపాట్లు కూడా చేశాను. అందువల్ల ఈ జవాబు కొంత పొడుగవుతుంది. మొదటి మాట మాత్రం సూటిగానే చెబుతాను. మీ ఫోనులో ఉన్న ఈఎస్‌ఎఫ్‌జే అనే ఫలితం మీ పెదనాన్నగారిది కాదు. ప్రశ్నలు చదివింది మీరు, జవాబులు ఎంచింది మీరు. ఆయన మీద ఇన్నేళ్ళుగా మీకు ఏర్పడిన అభిప్రాయమే నాలుగక్షరాలుగా మారి, శాస్త్రం చెప్పిన మాటలా తిరిగి మీ చేతికి వచ్చింది. దాన్ని పట్టుకొని ఆయన వైపు నుంచి ఆలోచించబోతే, మీ వైపు నుంచే ఇంకొకసారి ఆలోచించినట్టవుతుంది.

ఈ పద్ధతి ఎక్కడ పుట్టిందో కాస్త తెలిస్తే దాన్ని ఎంతవరకు వాడుకోవచ్చో మీకే తేలుతుంది. స్విట్జర్లాండ్ మనోవైద్యుడు కార్ల్ యుంగ్ 1921లో మనస్తత్వ రకాల మీద ఒక పెద్ద గ్రంథం ప్రచురించాడు. బహిర్ముఖులు, అంతర్ముఖులు అని మనం ఈనాడు అలవోకగా అనేస్తున్న మాటలకు అంత ప్రచారం వచ్చింది దానివల్లనే. ఆయనను ఆ ఆలోచనలోకి దింపినది ఒక చిత్రమైన చిక్కు. ఆయన కాలపు మనోవైద్యులు ఫ్రాయిడ్, ఆడ్లర్ ఇద్దరూ తెలివైనవారే, ఇద్దరూ ఒకే తీరు రోగులను చూస్తున్నవారే. అయినా ఒకరికి కనిపించేది ఇంకొకరికి ఎందుకు కనిపించడం లేదు, వాళ్ళిద్దరికీ కనిపించేది తనకు మరోలా ఎందుకు కనిపిస్తోంది అన్నదే ఆ చిక్కు. అంటే మీరు అడిగిన ప్రశ్నే ఆయన ప్రశ్న కూడా. అయితే ఆయన చెప్పినవి ఏళ్ళ తరబడి మనుషులను గమనించి చెప్పిన మాటలే తప్ప, లెక్కగట్టి తేల్చినవి కావు. మనుషులకు చీటీలు అంటించి వర్గాలుగా విడదీయడం పిల్లల ఆటవంటిదని తరువాత ఆయనే చిరాకుపడ్డాడు.

ఆ ఆట జరగనే జరిగింది. అమెరికాలో క్యాథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ బ్రిగ్స్ మయర్స్ అనే ఇద్దరు స్త్రీలు, మనస్తత్వ శాస్త్రంలో పట్టా ఏదీ లేకపోయినా, యుంగ్ చెప్పినదాన్ని అందరికీ పనికివచ్చే ప్రశ్నావళిగా మలిచే పనిని రెండవ ప్రపంచయుద్ధ కాలంలో చేపట్టారు. అది 1962లో అచ్చయింది. మనుషుల మధ్య ఉంటే హుషారు వస్తుందా, ఒంటరిగా ఉంటేనా. కళ్ళముందున్న వివరం మీద దృష్టి నిలుస్తుందా, దాని వెనుక ఉన్న అవకాశం మీదనా. నిర్ణయానికి తర్కం ఆధారమా, మనుషుల మంచిచెడ్డలా. ముందే తేల్చుకుంటేనే మనసు కుదుటపడుతుందా, చివరిదాకా తెరిచి ఉంచితేనా అన్న నాలుగు జంటల నుంచి ఒక్కొక్క అక్షరం తీసుకుంటే పదహారు రకాలు వస్తాయి. మీరు ఉచితంగా రాసింది ఈ అసలు ప్రశ్నావళి కాకపోవచ్చు, దాని పోలికలో తయారైనదై ఉంటుంది. అసలుది డబ్బు కట్టి రాయవలసినది, దాన్ని అమ్మే సంస్థ కూడా ఉద్యోగంలోకి ఎవరిని తీసుకోవాలో తేల్చడానికి దీన్ని వాడవద్దనే చెబుతుంది.

దీనిలో ఉన్న పెద్ద లోపం గీత గీయడంలో ఉంది. గుణుపురం సంతలో వందమందిని నిలబెట్టి, అయిదడుగుల నాలుగంగుళాల దగ్గర గీత గీసి, పైనున్నవారంతా పొడుగు, కిందివారంతా పొట్టి అని రాసుకున్నామనుకోండి. ఎక్కువమంది ఆ గీతకు ఇటూ అటూ దగ్గరగానే ఉంటారు. అరంగుళం తేడా ఉన్న ఇద్దరు వేర్వేరు జాతుల కింద లెక్కకు వస్తారు, గీతకు పైనున్న మనిషీ అతని కంటే అడుగు పొడుగైన మనిషీ ఒకే జాతి అవుతారు. ఈ నాలుగు జంటల్లోనూ జరిగేది అదే. మార్కులను పటం గీసి చూస్తే రెండు గుట్టలుగా విడిపోవు, నడుమ ఎత్తుగా ఒకే గుట్టగా కనబడతాయి. అందుకే కొన్ని వారాలు ఆగి అదే పరీక్ష మళ్ళీ రాస్తే, చాలామందికి నాలుగింటిలో ఒక అక్షరమైనా మారిపోతుంది. మీ ఫలితం కింద శాతాలు కూడా ఇచ్చి ఉంటే ఒకసారి చూసుకోండి. యాభైకి దగ్గరగా ఉన్న అక్షరాన్ని లేనట్టుగానే భావించవచ్చు.

"కానీ చదివితే అచ్చం నాలాగే ఉందే" అని మీరు అనవచ్చు. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే అమెరికన్ ఆచార్యుడు తన తరగతిలోని 39 మంది విద్యార్థుల చేత ఒక పరీక్ష రాయించి, వారం తరువాత ఒక్కొక్కరికీ వ్యక్తిత్వ వివరణ అంటూ ఒక్కొక్క కాగితం ఇచ్చాడు. అది తమకు ఎంతవరకు సరిపోయిందో అయిదుకు మార్కులు వేయమంటే సగటున 4.26 వేశారు. ఆ తరువాత తెలిసిందేమిటంటే అందరికీ ఇచ్చింది ఒకే కాగితం, అందులోని వాక్యాలు ఎక్కువ భాగం దుకాణాల్లో అమ్మే జ్యోతిషం పుస్తకంలోనివి. తీర్థంలో చిలక తీసిన కార్డు మనకు కుదిరినట్టే ఉంటుంది. పక్కవాడికి తీసిన కార్డు చదువుకున్నా కుదురుతుందన్న సంగతి మాత్రం ఆ క్షణంలో తోచదు.

మిగిలిన పద్ధతుల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. 1960, 70 దశకాల్లో ఆస్కార్ ఇచాసో, క్లాడియో నరాంహో చేతుల్లో నేటి రూపం దాల్చిన తొమ్మిది రకాల ఎన్నియాగ్రామ్ మనిషి ఏం చేస్తాడన్నదాని కంటే దేనికి భయపడి చేస్తాడన్నది అడుగుతుంది. ఆ ప్రశ్న మంచిది, దానికి ఆధారాలు మాత్రం బలహీనం. కొలతే కావాలంటే పరిశోధకులు ఈనాడు ఎక్కువగా వాడేది అయిదు గుణాల పద్ధతి. కొత్తదనం మీద ఆసక్తి, పని మీద శ్రద్ధ, బహిర్ముఖత, సర్దుకుపోయే గుణం, తొందరగా కలతచెందే స్వభావం అనే ఈ అయిదింటిలో మనిషిని ఏ గదిలోనూ పెట్టరు, ఒక్కొక్కదానిలో ఎంత మోతాదో చెబుతారు. మయర్స్-బ్రిగ్స్ వారి నాలుగు జంటలు ఈ అయిదింటిలో నాలుగింటికి దగ్గరగా ఉన్నాయని, అయిదవదైన కలతను అది అసలు పట్టించుకోదని 1989లో మెక్రే, కోస్టా అనే పరిశోధకులు చూపారు. మనిషి దేనికి బెంగపెట్టుకుంటున్నాడో చెప్పని పద్ధతితో అతని మనసు ఎలా తెలుస్తుందని నాకు అప్పటినుంచీ అనుమానమే. పోనీ ఈ అయిదూ అయినా అన్నిచోట్లా నిలుస్తాయా అంటే, బొలీవియా అడవుల్లో వేట మీద, పోడు వ్యవసాయం మీద బతికే చిమానే ప్రజల మధ్య పరిశీలించినప్పుడు ఆ అయిదు గుణాలు అయిదుగా విడివడి కనిపించలేదని 2013లో ప్రచురితమైంది.

ఇక నా పొరపాటు. ఇది మన సరిహద్దు జిల్లాలవారు తప్పక ఎరిగి ఉండవలసిన సంగతి కనుక కొంచెం వివరంగా రాస్తాను.

కర్మాగారం గోదాములో ఒక గుమాస్తా ఉండేవాడు. కాశీనగరం వైపు మనిషి, తెలుగువాడు, పదో తరగతి దాకా చదువుకున్నాడు. నెలవారీ సమావేశాలు ఒడియాలో మొదలై, పైఅధికారి వస్తే హిందీలోకి తిరిగి, కాగితం మీద ఇంగ్లీషులో ముగిసేవి. మూడేళ్ళలో అతను ఒక్కసారి కూడా నోరు తెరిచిన గుర్తు నాకు లేదు. ప్రశ్నావళి ఇచ్చినప్పుడు పక్కవాడిని మాటలకు అర్థాలు అడుగుతూ రాశాడు, అంతర్ముఖుడని తేలింది. నేను ఆ ఫలితం చూసి, అనుకున్నంతే అయిందని తృప్తిపడి, అతని కార్డు మీద "ఒంటరిగా చేసే పనికి తగినవాడు, మనుషులను నడిపించే బాధ్యతకు కాదు" అని రాశాను. ఆ మాట వల్ల షిఫ్టు పర్యవేక్షకుడి స్థానానికి రెండుసార్లు పేర్లు అడిగినప్పుడు అతని పేరు పైకి వెళ్ళలేదు.

ఒక పండుగ తరువాత డ్యూటీకి తిరిగి వెళ్తూ పర్లాకిమిడిలో రైలెక్కాను. అప్పటికింకా నౌపడ నుంచి గుణుపురానికి చిన్న రైలే నడిచేది. కాశీనగరంలో అతను ఎక్కాడు. నన్ను చూడలేదు. గుణుపురం చేరేదాకా ఆ పెట్టెలో ఉన్న మనుషులంతా అతని చుట్టూ చేరి వింటూనే ఉన్నారు. ఎవరి భూమి తగాదాలో తాను చెప్పిన సర్దుబాటు, సంతలో తూకం మోసం పట్టుకున్న వైనం, మధ్యలో ఎవరో ముసలమ్మ టిక్కెట్టు దగ్గర గొడవపడితే లేచి వెళ్ళి, టిక్కెట్ల ఉద్యోగికి ఒక మాట, ఆమెకు ఒక మాట చెప్పి ఇద్దరినీ చల్లబరచి వచ్చి, ఆపిన చోట నుంచే కథ మళ్ళీ అందుకోవడం, అన్నీ చూశాను. దిగేటప్పుడు నన్ను చూసి చేతిలోని సంచి కిందపెట్టి, "నమస్తే సార్" అని మళ్ళీ ఆ గోదాము గుమాస్తాగా మారిపోయాడు.

అతను తెలుగులో ఒక మనిషి, ఒడియాలో ఇంకొక మనిషి, ఇంగ్లీషులో మనిషే కాదు. నేను కొలిచింది అతని స్వభావాన్ని కాదు, మూడవ భాషలో అతనికున్న బెరుకును. ఇటువైపు మనలో చాలామందిమి రోజుకు మూడుసార్లు భాష మారుస్తాం, భాషతోపాటు గొంతూ ధైర్యమూ కూడా మారతాయి. ఆ గుమాస్తా సవర గిరిజన రైతుతో సంతలో మాట్లాడేటప్పుడు ఎలా ఉంటాడో నాకు ఇప్పటికీ తెలియదు. ప్రశ్నల్లోనూ అదే చిక్కు. విందులో కొత్తవారితో కలివిడిగా మాట్లాడతారా అని అడిగితే, మన పెళ్ళిళ్ళలో కొత్తవారంటూ ఎవరుంటారు? అందరూ ఏదో ఒక వరుస కలిసేవారే. "లేదు" అని గీత పెట్టిన కోడలు తన స్వభావం చెబుతోందా, అత్తవారింట ఉండవలసిన తీరు చెబుతోందా?

ఈ పొరపాటుకు మనస్తత్వ శాస్త్రంలో పేరుంది. ఎదుటివారి ప్రవర్తనకు వారి స్వభావమే కారణమని, పరిస్థితిని మరిచిపోయి అనుకోవడాన్ని లీ రాస్ 1977లో మూలారోపణ దోషంగా వివరించాడు. నాకు మరింత ఆసక్తి కలిగించింది జోన్ మిల్లర్ 1984లో ప్రచురించిన పరిశీలన. ఆమె షికాగోలోని అమెరికన్లనూ మైసూరులోని హిందువులనూ పోల్చి చూసింది. తెలిసినవారు చేసిన ఒక పనికి కారణం చెప్పమంటే అమెరికన్ పెద్దలు ఎక్కువగా ఆ మనిషి గుణాన్ని చెప్పారు, మైసూరు పెద్దలు ఎక్కువగా అప్పటి పరిస్థితిని, బాధ్యతలను, వరుసలను చెప్పారు. చిన్నపిల్లల్లో ఈ తేడా అంతగా లేదు, వయసుతోపాటు పెరిగింది. అంటే పరిస్థితిని చూసి మనిషిని అర్థం చేసుకోవడం మన పెద్దలకు అలవడిన విద్య. నాలుగక్షరాల చీటీ ఆ విద్యను మన చేత మరిపించేటట్లయితే మనం తెచ్చుకున్నదాని కంటే పోగొట్టుకున్నదే ఎక్కువ.

ఇప్పుడు మీ పెదనాన్నగారి అరువు సంగతికి వస్తాను. మా మేనమామకు పర్లాకిమిడిలో బట్టల దుకాణం ఉండేది. ఆయన కూడా అచ్చం మీ పెదనాన్నగారిలాగే మొహం చూసి ఇస్తాననేవాడు. ఈ పరీక్షలు నేర్చుకున్న కొత్తలో నేను ఆయనను భావుకుడు, వివరాలు పట్టించుకోడు, మనసుతో వ్యాపారం చేస్తాడు అని నాలో నేను తేల్చేసుకున్నాను. ఒకరోజు మధ్యాహ్నం దుకాణంలో ఎవరూ లేని వేళ, చీటీల సంగతి మరిచిపోయి ఊరికే అడిగాను, ఇంతమందికి ఇస్తావు గదా, ఎవరు తిరిగి ఇస్తారో నీకెలా తెలుస్తుందని. ఆయన గల్లాపెట్టె కింద నుంచి ఎర్రబట్ట అట్ట వేసిన పొడుగాటి పద్దు పుస్తకం తీసి, వేలు తడి చేసుకొని పేజీలు తిప్పాడు. ప్రతి పేరు పక్కన ఊరి పేరు, ఆ పక్కన సన్నని సిరా చుక్కలు.

"ఈ చుక్కలు చూసావేటి అల్లుడూ? ఒక చుక్కంటే జీడిపిక్కలప్పుడు ఇత్తాడని. రెండు చుక్కలంటే వరికోతలయ్యాక ఇత్తాడని. చుక్కే లేదంటే ఆడు ఇవ్వడు, ఆడి తమ్ముడొచ్చి ఇత్తాడు."

గీత అడ్డంగా ఉన్న పేర్లేమిటని అడిగాను. అవి ఒకసారి ఎగ్గొట్టినవారివి. ఆ గీత మీద మళ్ళీ చుక్క ఉంటే, ఎగ్గొట్టిన ఏడు ఆ ఇంట్లో చావో జబ్బో జరిగిందని, తరువాత తీర్చేశాడని అర్థం. జీడి పంట ఎండాకాలంలో, వరి మార్గశిరం ముందు వెనుకల్లో చేతికి వస్తాయి కాబట్టి ఆయనకు ఏ నెలలో ఎంత వసూలవుతుందో ముందే తెలుసు, ఆ లెక్క ప్రకారమే బరంపురం నుంచి సరుకు తెచ్చేవాడు. నేను మనసు అనుకున్నది ముప్పై ఏళ్ళ లెక్క. తర్కం లేదనుకున్న చోట నాకు కనబడని సమాచారం ఉంది. ఆయన రకం నాకు తెలియకపోవడం వల్ల కాదు, ఆయన చూస్తున్న పేజీ నేను చూడకపోవడం వల్ల మా ఇద్దరి దృష్టి వేరుగా ఉంది. మీ పెదనాన్నగారి పుస్తకంలో కూడా చుక్కలే ఉంటాయని నేను చెప్పబోవడం లేదు. అక్కడ నిజంగానే మొహమాటం ఉండవచ్చు, లేదా మీ తాతగారి కాలం నాటి ఏదో మాట ఉండవచ్చు. కానీ ఆ పుస్తకం తెరిచి కూర్చున్న సంగతి మీ ప్రశ్నలో ఎక్కడా లేదు.

మనుషులను రకాలుగా చూడడం పరాయి దేశపు విద్య అని కూడా అనుకోవద్దు. సత్త్వ రజస్తమో గుణాలు, వాత పిత్త కఫ ప్రకృతులు మనకు ఎప్పటినుంచో ఉన్నవే. నాయకులను ధీరోదాత్తుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు, ధీరోద్ధతుడు అని స్వభావాన్ని బట్టి విభజించిన మన ఆలంకారికులు, అష్టవిధ నాయికల దగ్గరికి వచ్చేసరికి వేరే దారి పట్టారు. అలంకరించుకొని ఎదురుచూస్తున్నప్పుడు ఆమె వాసకసజ్జిక. రావలసినవాడు రాకపోతే విప్రలబ్ధ. మరొకరి దగ్గర గడిపి తెల్లవారి వస్తే ఖండిత. కసిరి పంపేసి తరువాత కుమిలిపోతుంటే కలహాంతరిత. ఇవి ఎనిమిది రకాల స్త్రీలు కావు, ఒక్క స్త్రీకే రాగల ఎనిమిది అవస్థలు. దీన్ని అవస్థాభేదం అన్నారు. కలహాంతరితను చూసి ఈమెది కోపిష్టి స్వభావం అని రాసుకున్నవాడికి నిన్నటి రాత్రి సంగతి తెలియదన్నమాట. నా అనుభవంలో ఇంట్లోనూ పనిచోటా ఎదుటివారిని అర్థం చేసుకోవడానికి ప్రకృతిభేదం కంటే ఈ అవస్థాభేదమే ఎక్కువ అక్కరకు వచ్చింది. లెక్కలు చూద్దామని మీరు అడిగేది దుకాణం కట్టేసే వేళ అయితే, రోజంతా నిలబడి అలిసిపోయిన మనిషి ఇచ్చే జవాబుకూ పొద్దున్నే ఇచ్చే జవాబుకూ ఉన్న తేడా ఏ నాలుగక్షరాలకూ అందదు.

మరి ఎదుటివారి స్థానంలో మనల్ని ఊహించుకుంటే సరిపోతుంది కదా అని అంటారు. అది కూడా అనుకున్నంత పనిచేయదు. టాల్ ఎయాల్, మేరీ స్టెఫెల్, నికొలస్ ఎప్లీ అనే ముగ్గురు 25 ప్రయోగాలు చేసి 2018లో ప్రచురించిన ఫలితం ఇదే. ఎదుటివారి స్థానంలో తమను ఊహించుకోమని చెప్పినవారు, అలా చెప్పనివారి కంటే ఎదుటివారి మనసును మరింత సరిగా పట్టుకోలేదు. తాము పట్టుకున్నామని మాత్రం కొన్నిసార్లు ఎక్కువ నమ్మకంగా ఉన్నారు. సరిగ్గా తెలుసుకున్నవారు ఎవరంటే, నోరు తెరిచి అడిగినవారు. ఇది వినడానికి ఎంత చిన్న సంగతిలా ఉన్నా, శిక్షణ తరగతుల్లో నేను ఇరవై ఏళ్ళు చెప్పిన దానికి ఇది సగం ఎదురు మాట.

మన పర్లాకిమిడిలోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. 1880లో ఉపాధ్యాయుడిగా ఆ ఊరు వచ్చిన గిడుగు రామమూర్తి పంతులుగారు కొండల్లోని సవరలతో వారి మాటలోనే మాట్లాడాలని తలచినప్పుడు, ఆ భాషకు నిఘంటువు లేదు, వ్యాకరణం లేదు. ఆయన సవర భాష తెలిసిన మనిషిని ఇంటికి రప్పించుకొని, అడిగి, విని, రాసుకొని నేర్చుకున్నారు. సవరలు ఎలాంటివారన్న దాని మీద అప్పటికే ఊళ్ళో ప్రచారంలో ఉన్న మాటలు ఆయనకు కావలసినన్ని దొరికేవి, ఆయన వాటితో సరిపెట్టుకోలేదు.

అయితే ఈ పద్ధతులు దేనికీ పనికిరావా అంటే, పనికివస్తాయి. మొట్టమొదట మీకు మీరు పనికివచ్చేటట్టు వాడుకోండి. ఐఎన్‌టీజే అని మీకు వచ్చినదానిలో మీ జవాబులు మీవే కనుక దానికి కొంత విలువ ఉంది. ఆ వర్ణన ప్రకారం మీరు వివరం కంటే పథకాన్ని ముందు చూస్తారు, లోలోపల అంతా ఆలోచించుకొని తేలిన నిర్ణయాన్నే బయటపెడతారు. అది నిజమే అనిపిస్తే, పెదనాన్నగారి దగ్గరికి మీరు తీసుకువెళ్ళింది సలహా కాదు, తీర్పు. "కంప్యూటర్ పెట్టేద్దాం" అన్న మాట ఆయనకు "ఇన్నాళ్ళూ మీరు చేసింది లెక్క కాదు" అన్నట్టు వినిపించి ఉండవచ్చు. అందరి బుర్రా తన బుర్రలాగే పనిచేస్తుందని అనుకునే మనిషికి, పుర్రెకో బుద్ధి అని పెద్దలు అన్నదాన్ని ఈ పరీక్షలు ఒక పటంగా గీసి చూపిస్తాయి. అంతవరకు అవి మేలే చేస్తాయి.

రెండవ ఉపయోగం, ఆ నాలుగు జంటలను జవాబులుగా కాక అడగవలసిన ప్రశ్నలుగా మార్చుకోవడం. ఆయన వివరాల మనిషా, పథకాల మనిషా అని తేల్చకండి. "పెదనాన్నా, ఎవరికైనా అరువు ఇచ్చేముందు నువ్వు మొట్టమొదట చూసేదేమిటి?" అని అడగండి. తర్కమా మనసా అని వెతకకండి. "ఎవరికి ఇవ్వను పొమ్మన్నావు, ఎందుకు?" అని అడగండి, ఇచ్చిన కారణం కంటే ఇవ్వని కారణంలో మనిషి లెక్క బాగా బయటపడుతుంది. ముందే తేల్చుకునే రకమా కాదా అన్న దానికి బదులు, "ఈ లెక్కలు మార్చితే ఏం పాడవుతుందని నీ భయం?" అని అడగండి. ఈ చివరి ప్రశ్న ఎన్నియాగ్రామ్ నుంచి నేను తీసుకున్నది, మిగతా ఆ పద్ధతినంతా వదిలేసినా దీన్ని వదలలేదు. మీరు ఆయనను మీరు అంటారో నువ్వు అంటారో మీ ఇంటి అలవాటు, దాన్ని మాత్రం ఈ ప్రశ్నల కోసం మార్చకండి. ఉన్నట్టుండి మర్యాద పెరిగినా పెద్దవాళ్ళకు అనుమానం వస్తుంది.

ఆయన చెప్పిన తరువాత మీకు అర్థమైనదాన్ని తిరిగి ఆయనకే చెప్పండి. "అంటే కోతల దాకా ఆగేవాడికే ఇస్తావు, ముందు నెలలో అడిగేవాడికి ఇవ్వవు, అంతేనా?" అని. ఆయన "అంతే" అంటే ఒక మెట్టు ఎక్కినట్టు. "కాదురా" అని సరిదిద్దితే అంతకంటే మంచిది, ఎందుకంటే అప్పుడే మీకు తెలియనిది బయటికి వస్తుంది. నేను శిక్షణలో మనుషులకు నేర్పించి తీరవలసింది ఈ ఒక్క అలవాటే అని ఉద్యోగం చివరి అయిదారేళ్ళలోగాని నాకు బోధపడలేదు. ఇంకొక జాగ్రత్త. ఆయనకు ఏ రకమని వచ్చిందో ఆయనతో గాని, ఇంట్లో మిగతావారితో గాని అనకండి. మా కర్మాగారంలో ఈ పరీక్షలు మొదలైన ఏడాదికే ఫలానావాడు ఫలానా రకం అన్న మాట తిట్టుగా మారింది. ఏ పని తప్పినా రకం మీదకు నెట్టేసేవారు, తమ రకం చెప్పుకొని తప్పించుకునేవారు కూడా తయారయ్యారు.

గుమాస్తా సంగతి ఏమైందని మీరు అడగవచ్చు. రైలు దిగిన వారంలోనే నేను ఆ కార్డు మార్చి రాశాను, మరుసటి ఖాళీకి అతని పేరు పంపాను. తరువాత అతను పర్యవేక్షకుడయ్యాడు, సమావేశాల్లో పెద్దగా మాట్లాడకపోయినా షిఫ్టులో మాట్లాడవలసినదంతా మాట్లాడాడు. అప్పటికి అతనికి పోయిన రెండు అవకాశాలకు నేను ఏమీ చేయలేకపోయాను.

మీ కంప్యూటర్ విషయానికి వస్తే, ఆ కోరిక తప్పు కాదు, మానుకోవద్దు. అయితే దుకాణాలకు అమ్మే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో పేరు, తేదీ, మొత్తం, బాకీ అనే గడులు ఉంటాయి తప్ప, ఏ పంటకు తీరుస్తాడు, ఇంట్లో ఎవరు తీరుస్తారు, ఎగ్గొట్టిన ఏడు ఏం జరిగింది అన్నవాటికి గడులు ఉండవు. కొనేముందు ఒక మధ్యాహ్నం పెదనాన్నగారి పద్దు పుస్తకం ఇద్దరూ ముందు పెట్టుకొని, అందులో ఉన్నవి, ఆయన తలలోనే ఉన్నవి కలిపి ఇంకా ఏయే గడులు కావాలో ఆయన చేతనే చెప్పించి ఒక కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం పట్టుకొని వెళ్ళి సాఫ్ట్‌వేర్ అమ్మేవాడిని అడగండి.